మాలిక్ గారి సమ్మతి

కరీంనగర్
18 జూన్ 1962

తమ్ముడు కొండల్‌కు,

ఇక్కడ అందరూ బాగున్నారు, ఒక్క గోడ తప్ప.

మృగశిర కార్తె వచ్చినప్పటి నుంచి వాన వదలడం లేదు. మన ఇంట్లో కిరాయికి ఉన్న రిబ్కమ్మ రమ్మని కబురు పెడితే నిన్న బడి వదిలాక వెళ్ళి చూశాను. పడమటి గదిలో పైన గూనపెంకులు పగిలి నీళ్ళన్నీ గోడలోకి దిగుతున్నాయి. గోడ నడుమ ఉబ్బి ముందుకు వచ్చింది. ఆ గోడ పక్కనే రిబ్కమ్మ అత్త సత్తవ్వ మంచం. ఆమె నా చేయి పట్టి తీసుకుపోయి గోడకు చెవి ఆనించమంది. "ఇనవడుతుందా బిడ్డా? లోపల మట్టి రాలుతుంది. నడుం వాలిస్తే సాలు, నాకు గిదే సప్పుడు."

బాపు పోయి, నువ్వు కాగజ్‌నగర్ కాగితం మిల్లులో గుమాస్తాగా చేరాక ఇల్లు పాడుపెట్టడం ఎందుకని మనమే వీళ్ళను అడిగి తెచ్చుకున్నాం. రిబ్కమ్మ భర్త దేవసహాయం మిషన్ దవాఖానలో కాంపౌండరు, నెమ్మది మనిషి అని అప్పుడు మెచ్చుకున్నది నువ్వే. ఇల్లు నీ పేర ఉంది. నేను హాస్టల్ వార్డెనును. నా అధికారం ఆడపిల్లల అన్నం గంట దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. వాన తెరిపి ఇచ్చినప్పుడు మేస్త్రీని పెట్టి ఆ గోడ విప్పి కట్టించు.

మరదలు ఐలవ్వను అడిగానని చెప్పు.

అక్క,
బాలలక్ష్మి


కాగజ్‌నగర్
27 జూన్ 1962

అక్కకు నమస్కారం.

గోడ సంగతి చదివాను. నీది మెత్తని మనసు, ఎవరేం చూపిస్తే అది నమ్ముతావు. ఆ గోడ బాపు దగ్గరుండి పెట్టించింది. మట్టిగోడ వానకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. కిరాయికి ఉండేవాళ్ళకు ఇల్లు తమది కాదన్న బాధ ఒకటి ఉంటుంది. అది ఎటూ తీరక గోడల మీదికి వస్తుంది. ఇల్లు అప్పగించేదాకే మాలిక్ పని. తర్వాత అందులో ఉన్నవాళ్ళే దానికి దిక్కు. రెండు వాసాలు తెచ్చి గోడకు పోటు పెట్టుకోమను. ముసలమ్మ మంచం కొంచెం జరుపుకోమను. మంచానికి కాళ్ళున్నాయి కదా.

ఇక నా గోస ఏమని రాయను? మా ఇంటి మాలిక్ నాగయ్య లాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. చేను అమ్మిన పైసలతో వరసగా ఇళ్ళు కట్టి కిరాయికి ఇచ్చాడు. మా వంటింటి కప్పు జల్లెడే. ఐలవ్వ ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో జొన్నరొట్టె కొడుతున్నది. కప్పు బాగుచేయించమని అడిగితే ఏమన్నాడో విను. "వాన వడ్డప్పుడు కారక, ఎండ గొట్టినప్పుడు కారుతదా సారూ?"

మనిషన్నాక కొంచెం జాలి ఉండాలి అక్కా. కిరాయి పుచ్చుకునేవాడికి బాధ్యత ఉండొద్దా?

నీ తమ్ముడు,
కొండల్


కరీంనగర్
9 జూలై 1962

తమ్ముడు కొండల్‌కు,

నీ ఉత్తరంలో మొదటి సగం దేవసహాయం వాళ్ళింట్లో చదివి వినిపించాను. రెండో సగం వినిపించలేదు. ఇంటి పరువు అని ఒకటి ఉంటుంది.

దేవసహాయం అంతా విని, "సారు చెప్పినట్టే వాసాలు వెడతమమ్మా" అన్నాడు. సత్తవ్వ మాత్రం ఊరుకోలేదు. "మంచానికి కాళ్లున్నయని రాసిండా? మంచిది. గోడకు గూడ కాళ్లు మొలుస్తున్నయని రాయి. అది మంచం దిక్కే నడుస్తుంది."

మంచం జరపడానికి ఆ గదిలో చోటు లేదు. ముందు గదిలో పిల్లలు పడుకుంటారు. మిగిలింది వంటిల్లు, అక్కడ పొగ. నువ్వు పుట్టి పెరిగిన ఇల్లే కనుక ఇది నీకు కొత్తగా చెప్పనక్కర లేదు.

జొన్నరొట్టె రెండు చేతులతో కొట్టాలి. ఒంటి చేత్తో కొడుతున్నదంటే ఐలవ్వను మెచ్చుకోవాలి.

బాలలక్ష్మి


కాగజ్‌నగర్
12 ఆగస్టు 1962

అక్కకు నమస్కారాలు.

శుభవార్త! మాలాంటి వాళ్ళకు కూడా దిక్కున్నదని తెలిసింది.

మా ఆఫీసులో పక్క బల్ల అబ్రహాం చెప్పాడు, కిరాయి ఇళ్ళ మీద కొత్త చట్టం వచ్చి రెండేళ్ళయిందట. తగాదాలు తీర్చడానికి కంట్రోలర్ అని ఒక అధికారి కూడా ఉన్నాడట. ఆ పుస్తకం తెప్పించుకుని అన్నం మానుకుని చదివాను. ఏం చట్టం అక్కా అది! కిరాయి పుచ్చుకుంటే రసీదు ఇవ్వాలి. నీళ్ళు ఆపి, దీపం ఆపి కిరాయిదారును సతాయించరాదు. బుద్ధి పుట్టినప్పుడు పొమ్మనరాదు, తగిన కారణం రుజువు చేయాలి. మాలిక్ మరమ్మతు చేయించకపోతే కంట్రోలర్ అనుమతి తీసుకుని కిరాయిదారే చేయించుకోవచ్చు, ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చు. మాలిక్ అనేవాడు ఇంటికే మాలిక్, అందులో ఉన్న మనుషులకు కాదు. ఈ మాట ఇన్నాళ్ళూ మనకు ఎవరూ చెప్పలేదు చూడు!

దర్ఖాస్తు నా చేత్తో నేనే రాశాను. వకీలు కూడా ఇలా రాయలేడని అబ్రహాం అన్నాడు. నకలు ఇందులో పెడుతున్నాను. నాలుగో పేరా తప్పక చదువు. "కిరాయి కొరకు నెలనెలా చాచబడు ఆ చేయి, కారుచున్న కప్పు వంక ఒక్కనాడైనను కన్నెత్తి చూడదు" అన్న దగ్గర ఐలవ్వ కళ్ళు తుడుచుకుంది. పొయ్యి పొగ అంటుంది కాని, నాకు తెలుసు.

తర్వాత జరిగింది విను. కచేరి నుంచి నాగయ్యకు నోటీసు వచ్చింది. అతనికి చదువు రాదు. మా వరసలో చదువుకున్నవాణ్ణి నేనే. నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. "సారూ, కచేరికెల్లి గీ కాయితం వచ్చింది. ఏముందో జర చదివి చెప్పుండ్రి."

ఏం చేయను? చదివాను. దర్ఖాస్తుదారు పేరు వచ్చే చోట నాకు దగ్గు వచ్చింది. అతను గడప మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. "మంచిగ రాసిండు సారూ. ఎవలో గని, మస్తు గోస వడుతున్నట్టున్నడు" అన్నాడు. లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇంతకు ఎవలిదిది?" అన్నాడు.

చెప్పాను. నన్ను కింది నుంచి మీది దాకా చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా చట్టం నవ్వులకు భయపడదు.

కొండల్


కరీంనగర్
20 ఆగస్టు 1962

తమ్ముడు కొండల్‌కు,

నాలుగో పేరా రెండుసార్లు చదివాను. చేయి కన్నెత్తి ఎలా చూస్తుందో నాకు బోధపడలేదు కాని, నకలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇంత బాగా రాసింది ఒక్క ఇంటికే ఉపయోగపడితే పాపం.

ఇక్కడ గోడకు వాసాలు పోటు పెట్టారు. ఒకటి అప్పుడే విరిగింది.

బాలలక్ష్మి


కాగజ్‌నగర్
17 సెప్టెంబరు 1962

శ్రీమతి బాలలక్ష్మి గారికి,

కరీంనగర్ కంట్రోలర్ కచేరి నుంచి నాకు నోటీసు అందింది. దర్ఖాస్తుదారు దేవసహాయం. ప్రతివాదిని నేను.

మొదటి పేరా చదివినప్పుడు, ఎవరో కాని భాష తెలిసినవాడే రాశాడు అనుకున్నాను. నాలుగో పేరాకు వచ్చేసరికి ఇందులోనూ చేయి కన్నెత్తి చూడలేదు. అక్కడ నాకు అర్థమైంది. పేర్లు, ఊర్లు తప్ప ఒక్క అక్షరం మార్చలేదు! కప్పు పక్కన గోడ అని ఒక్క మాట చేర్చారు. రొట్టె, గొడుగు కూడా అలాగే ఉంచారు. రిబ్కమ్మకు అసలు గొడుగుందా?

నేను కిరాయిదారుగా పడ్డ కష్టం అది. దాన్ని తీసుకుపోయి ఒక మాలిక్ మీద వాడతారా? ఆ రెండూ వేరు. ఎలా వేరో ఎదురుపడ్డప్పుడు చెబుతాను.

నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మాలిక్‌కు తన సొంత కాపురానికి ఇల్లు అవసరమైతే ఖాళీ చేయించుకోవచ్చని అదే పుస్తకంలో ఉంది. అలాగని నేనూ ఒక దర్ఖాస్తు వేశాను. నీకొక్కదానికే చెబుతున్నాను, బట్టల దుకాణం ముత్యం ఆ ఇల్లు గోదాముకు అడుగుతున్నాడు. గోడ ఎట్లున్నా ఫికర్ లేదన్నాడు. విచారణ నాడు నువ్వు వచ్చి, 'మా తమ్ముడు కరీంనగర్‌కే వచ్చి ఉంటాడు' అని ఒక్క మాట అను. బాపు ఇంటి కోసం ఆ మాత్రం చేయలేవా?

ఐలవ్వకు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు పోయింది కనుక ఎవరికీ చెప్పలేదు. కోపంగా ఉన్నాను కాబట్టి నీకూ చెప్పొద్దనుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

కొండల్


కరీంనగర్
25 అక్టోబరు 1962

తమ్ముడూ,

కచేరిలో నేను నీ మాట చెప్పలేదని నీకు కోపం. బయటికి వచ్చాక నా మొహం కూడా చూడలేదు. కంట్రోలర్ నన్ను అడిగిందేమిటి? "మీ తమ్ముడు కరీంనగర్‌కు ఎప్పుడు వస్తున్నాడమ్మా?" నాకు తెలిసిందే చెప్పాను, "బతుకమ్మకు రమ్మంటే రాలేదండీ" అని. కచేరి అంతా నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పలేదు. నీ దర్ఖాస్తు కొట్టేయడం, గోడ కట్టించమని ఉత్తర్వు ఇవ్వడం నువ్వు చెవులారా విన్నావు.

నువ్వు విననిది ఇప్పుడు రాస్తున్నాను.

నీ పెద్దపల్లి బస్సు వెళ్ళిన సాయంత్రమే గోడ కూలింది. వాన లేదు, గాలి లేదు. వానాకాలం తడిసింది, ఎండ తగిలి పగిలింది, కూలింది. సత్తవ్వ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది. నేను వెళ్ళేసరికి రిబ్కమ్మ రెండు చేతులతో మట్టి తోడుతున్నది. గోళ్ళ నుంచి నెత్తురు కారుతున్నా ఆమెకు తెలియడం లేదు. ముసలమ్మ ప్రాణం దక్కింది. మోకాలి కింద ఎముక విరిగింది.

దవాఖానకు మోసుకుపోతుంటే నన్ను గుర్తుపట్టి చేయి ఊపింది. "మంచం జరుపుకోమన్నడు గదా మీ తమ్ముడు. ఇగో, గోడనే జరిపింది."

కచేరి నుంచి బస్సుల అడ్డాకు పోయే తోవలోనే మన ఇల్లు. తిట్టడానికైనా సరే, ఒక్కసారి లోపలికి వచ్చి పోతే ఏమయ్యేది?

బాలలక్ష్మి


కాగజ్‌నగర్
6 నవంబరు 1962

అక్కా,

నీ ఉత్తరం అందింది.

సాంబయ్య మేస్త్రీకి కబురు పంపాను. రాతి పునాది వేసి ఇటుకతో కట్టమన్నాను. ఆ గది కప్పు మొత్తం విప్పి కొత్త పెంకులు వేయమన్నాను. ఉత్తర్వులో గోడ వరకే ఉంది, కప్పు సంగతి లేదు. అయినా వేయమన్నాను. సత్తవ్వ దవాఖాన ఖర్చు నేను పెట్టుకుంటానని దేవసహాయంకు చెప్పు. నేను చెబితే బాగుండదు.

ఇక్కడ నాగయ్య మా కప్పు తానే ఎక్కి సర్దాడు. గోడ కూలిన సంగతి ఐలవ్వ నోట విన్నాడట. కిందికి దిగి చేతులు కడుక్కుంటూ, "సారూ, మీకు గూడ కిరాయోళ్లున్నరట గదా. ముందే చెప్పకపోతిరి. మనం మనం ఒక్కటే" అన్నాడు.

ఆ మాట అప్పటి నుంచి నా వెంటే తిరుగుతున్నది.

కొండల్


కరీంనగర్
5 డిసెంబరు 1962

తమ్ముడు కొండల్‌కు,

గోడ లేచింది. కప్పు పడింది. సాంబయ్య పని బాగుంది.

సత్తవ్వ ఇంటికి వచ్చింది. కర్ర పట్టుకుని కుంటుతూ పోయి కొత్త గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడింది. "ఏం సప్పుడు లేదు. గిప్పుడు నాతోటి మాట్లాడెతందుకు ఎవ్వలు లేరు" అంది.

దవాఖాన ఖర్చు వద్దని దేవసహాయం అన్నాడు. ఆమె మధ్యలోనే అందుకుని, "కాలు నాది. వద్దనేటందుకు వాడెవడు? నేను దీసుకుంట" అంది. పంపు.

బాలలక్ష్మి


కాగజ్‌నగర్
8 జనవరి 1963

అక్కా,

ఐలవ్వకు మళ్ళీ మునుపటిలాగే అయింది. నెత్తురు కనబడింది. బిడ్డ ఉన్నదనే ఇక్కడి డాక్టర్లు చెబుతున్నారు కాని, ఇక్కడ పెట్టుకుని కూర్చోవద్దన్నారు. కరీంనగర్ మిషన్ దవాఖాన డాక్టరమ్మకు చూపించి, కాన్పు అయ్యేదాకా ఆ పక్కనే మంచం దిగకుండా ఉండాలన్నారు. ఆమె ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉంది.

నీ హాస్టల్లో బయటివాళ్ళను పెట్టుకోనివ్వరని తెలుసు. ఇప్పుడు ఆ ఇల్లు నాకు నిజంగా కావాలి. కంట్రోలర్ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని పోను? నిజంగా చెప్పాల్సిన మాటను ముందే అబద్ధానికి వాడేశాను.

దవాఖానకు దగ్గరలో ఎక్కడైనా ఒక కిరాయి గది చూడు. గోడలు చూడు. కప్పు చూడు. అన్నిటికంటే ముందు మాలిక్ ఎట్లాంటివాడో అడుగు.

కొండల్


కరీంనగర్
15 జనవరి 1963

తమ్ముడూ,

ఊరంతా తిరిగాను. ఒకాయన కాన్పు మైల మా ఇంట్లో వద్దన్నాడు. ఇంకొకాయన ఏడాదికి తక్కువైతే ఇవ్వనన్నాడు. ఒకామె గది చూపించింది, కప్పు ఏదమ్మా అంటే, "ఎండకాలం దాకనే గదా, ఆకాశం మంచిగుంటది" అంది. నీ ముత్యం గోదాములో ఒక మూల ఇస్తానన్నాడు.

తిరిగి తిరిగి కాళ్ళు పీకి, దేవసహాయం వాళ్ళింట్లో మంచినీళ్ళు అడిగాను. సంగతి చెప్పాను. నేను ఏమీ అడగలేదు, నమ్ము. సత్తవ్వే అంది. "పడమటి అర్ర ఉండంగ ఊరంత తిరుగుడెందుకు? కొత్త గోడ. నేను పిల్లల కాడ పండుకుంట. కడుపుతోటున్న పొల్లను గోదాంల వెడతరా?"

రిబ్కమ్మ సరేనంది. మన పట్టింపులు తెలుసు కనుక పొయ్యి వేరే పెట్టుకోవచ్చని కూడా అంది. దేవసహాయం మాత్రం ఆలోచనలో పడ్డాడు. "ఇయ్యొచ్చు గని అమ్మా, మాలిక్ రాసియ్యకుండ కిరాయిదారు ఇంకొకలకు అర్ర కిరాయికిస్తే, ఖాళీ చేయించెటందుకు అదొక కారణమైతది. చట్టంల ఉన్నది." నీ పుణ్యమా అని అతనూ ఆ పుస్తకం కొనుక్కున్నాడు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. నీ ఇంట్లో ఒక గది కొండల్ అనే ఆయనకు కిరాయికి ఇవ్వడానికి మాలిక్‌గా నీకు అభ్యంతరం లేదని దేవసహాయంకు రాసి పంపాలి. నవ్వకు. అతను నవ్వలేదు. నిన్ను చూసి భయపడినవాడు నవ్వడు.

గదికి కిరాయి తీసుకుంటాడు. రసీదు ఇస్తాడు.

బాలలక్ష్మి


కాగజ్‌నగర్
19 జనవరి 1963

అక్కా,

అడిగింది కింద రాశాను. ఈ ముక్క చించి దేవసహాయంకు ఇవ్వు. 24న బండికి ఐలవ్వను తీసుకుని వస్తున్నాను.

'దేవసహాయం గారికి. కరీంనగర్‌లోని నా ఇంటి పడమటి గదిని కాగజ్‌నగర్ వాస్తవ్యుడు కొండల్‌కు, అతని భార్య ఐలవ్వ నివాసము కొరకు తాము కిరాయికి ఇచ్చుటకు ఇంటి యజమానినగు నాకు ఎట్టి అభ్యంతరము లేదు. దీనిని పురస్కరించుకొని తమను ఎన్నడును ఖాళీ చేయమని కోరను. సదరు కొండల్ నడవడికి మాత్రము నేను పూచీ పడజాలను.'

ఆఖరి వాక్యం ఐలవ్వ చెప్పి రాయించింది. చాలా రోజులకు నవ్వింది, అందుకని కొట్టేయలేదు.

కొండల్


కరీంనగర్
2 ఏప్రిల్ 1963

తమ్ముడు కొండల్‌కు,

తపాలాఫీసు నుంచి కొట్టించిన తార్ అంది ఉంటుంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. నిన్న దవాఖాన నుంచి పడమటి గదికి తెచ్చుకున్నాం. నల్లగా, బాపు పోలికతో ఉంది. ఏడిస్తే వాడంతా వినబడుతుంది.

ఐలవ్వ తెచ్చిన వేరు పొయ్యి మొదటి రోజు ఒక్కసారి వెలిగింది. తర్వాత రిబ్కమ్మ పొయ్యి మీదిదే తింటున్నది. ఎవరైనా అడిగితే నువ్వేం చెబుతావో నువ్వే ఆలోచించుకో. ఆమె ఆలోచించుకోలేదు.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఉయ్యాల కట్టాలంటే దూలానికి కొక్కేలు దిగ్గొట్టాలి. సుత్తె నా చేతిలో ఉండగానే దేవసహాయం వచ్చి అడ్డం నిలబడ్డాడు. మాలిక్‌ను అడగకుండా ఇంటి దూలాన్ని ముట్టుకోవద్దన్నాడు. "నేను మాలిక్ భార్యనే గదా అన్నా" అని ఐలవ్వ మంచం మీది నుంచి అంది. "కాదు చెల్లే. గీ ఇంట్ల నువ్వు మా కిరాయిదారువు" అన్నాడు. అతని మొహం చూస్తే పరాచికం కాదు.

కాబట్టి దూలానికి రెండు కొక్కేలు కొట్టుకోవడానికి మాలిక్‌గా నీ సమ్మతి రాసి పంపాలి. అది వచ్చేదాకా పిల్ల సత్తవ్వ ఒళ్ళోనే పడుకుంటుంది. పొద్దటి నుంచి ఎవరు అడిగినా ఇవ్వడం లేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి, తన మాటగా ఒక ముక్క చేర్చమంది.

"కాయితం జర ఆలిశ్యంగనే పంపుమను."

అక్క,
బాలలక్ష్మి